జాబితాలో కనిపించని తెలుగు ఫాంటు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక ఉత్తరాల శీర్షికలో కొద్ది రోజుల కిందట ఒక పాఠకుడి లేఖ వచ్చింది. ముచ్చటపడి డౌన్‌లోడ్ చేసుకున్న తెలుగు ఫాంటు ఎంత వెతికినా వర్డ్ జాబితాలో కనిపించలేదనీ, ఒకే ఫైలు ఒక్కో కంప్యూటరులో ఒక్కో రకంగా అగుపిస్తోందనీ, ఇన్నేళ్లయినా తెలుగు కంప్యూటరుకు ఒదగలేదనీ ఆయన వాపోయారు. ఆయన పడిన అవస్థ నిజమైనదే గానీ చివర తేల్చిన మాట సరైనది కాదు. తెనాలిలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ కేంద్రం నడుపుతూ, శుభలేఖల నుంచి శతకాల దాకా రోజూ ఈ అక్షరాల మీదే బతుకుతున్న వాడిని కనుక, ఫాంటు కనిపించనప్పుడు పని అసలు ఏ మెట్టు మీద ఆగిపోతుందో చెప్పవలసిన బాధ్యత నాకుందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా అతి మామూలు సంగతి. ఫాంటు మనకు చాలాసార్లు జిప్ ఫైలుగా వస్తుంది. ఆ జిప్‌ను విప్పకుండానే లోపలి ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి, ఇన్‌స్టాల్ బటన్ నొక్కి, పని అయిపోయిందనుకునే వారు ఎందరో ఉన్నారు. జిప్‌ను ముందు ఒక ఫోల్డరులోకి విప్పి, అందులోని ఫాంటు ఫైలును ఇన్‌స్టాల్ చేయాలి. అప్పటికే వర్డ్ తెరిచి ఉంటే దాన్ని పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి, ఎందుకంటే చాలా సందర్భాల్లో అది తాను మొదలైనప్పుడు చదువుకున్న జాబితానే పట్టుకొని కూర్చుంటుంది. అప్పటికీ రాకపోతే కంప్యూటరును ఒకసారి రీస్టార్ట్ చేయాలి. విండోస్ ఫాంట్ల వివరాలను ఒక కాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో దాచుకుంటుంది, అది చెడిపోయినప్పుడు కూడా కొత్త పేర్లు జాబితాకు ఎక్కవు. ఈ రెండు పనులూ చేయకుండానే నా దగ్గరకు ల్యాప్‌టాప్ మోసుకొచ్చిన వారి దగ్గర నేను డబ్బు తీసుకోను, టీ మాత్రం తాగుతాను.

రెండో చిక్కు 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 మార్పుతో మొదలైంది. అంతకు ముందు ఏ ఫాంటు ఇన్‌స్టాల్ చేసినా అది సి డ్రైవులోని విండోస్ ఫోల్డరులో ఉండే ఫాంట్స్ ఫోల్డరుకు చేరేది, అందుకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావలసి వచ్చేది. ఆ మార్పు తర్వాత మామూలుగా ఇన్‌స్టాల్ అని నొక్కితే ఫాంటు ఆ లాగిన్‌కు చెందిన సొంత ఫోల్డరులోకి మాత్రమే వెళుతుంది. అనుమతి అడగకపోవడం సౌకర్యమే. కానీ అదే కంప్యూటరులో మరో లాగిన్‌తో కూర్చున్న వారికి ఆ ఫాంటు లేనట్టే లెక్క, పైగా కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఆ సొంత ఫోల్డరు వైపు కన్నెత్తి చూడవు. మా కేంద్రంలోనే ఉదయం పనిచేసే అమ్మాయి పెట్టుకున్న ఫాంటు సాయంత్రం వచ్చే కుర్రాడికి కనిపించక, 'మీరు తీసేశారా అక్కా' అని అతను, 'నేనెందుకు తీస్తాను తమ్ముడూ' అని ఆమె వారం రోజులు వాదులాడుకున్నారు. ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అన్నది ఎంచుకున్నాక ఆ తగవు తీరింది.

పేర్ల గందరగోళం కూడా తక్కువేమీ కాదు. జాబితాలో కనిపించేది ఫైలు పేరు కాదు, ఫాంటు లోపల దాన్ని తయారుచేసిన వారు రాసిపెట్టిన పేరు. ఫైలు పేరును మనం ఏమని మార్చినా జాబితాలోని పేరు మారదు. అందువల్ల 'మ' దగ్గర వెతుకుతున్న ఫాంటు మరెక్కడో హాయిగా కూర్చుని ఉండవచ్చు. నోటో శాన్స్ తెలుగు వంటివి డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. ఆ జిప్‌లో సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలనూ ఒకే ఫైలులో ఇమిడ్చిన వేరియబుల్ ఫాంటు ఒకటి, 'స్టాటిక్' అనే ఫోల్డరులో ఒక్కో మందానికి ఒక్కో విడి ఫైలు ఉంటాయి. వర్డ్‌లో పనిచేసే వారు ఆ స్టాటిక్ ఫోల్డరులోని వాటిని పెట్టుకోవడమే మేలు. పాత సీడీల్లోంచి తీసిన పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్ల సంగతైతే ఇక వెతకనక్కర్లేదు, ఆఫీస్ 2013 నుంచీ, వర్డ్ వంటి పనులకే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో 5.3 నుంచీ వాటికి ఆదరణ లేదు.

పోయిన వేసవిలో ఒక విశ్రాంత తెలుగు పండితుడు పెన్‌డ్రైవుతో వచ్చారు. తమ తండ్రిగారి పద్యాలను ఆయన విండోస్ 7 ఉన్న పాత కంప్యూటరులో ఏళ్ల తరబడి స్వయంగా టైపు చేశారు. పద్యాలకు గౌతమి, శీర్షికలకు వాణి ఫాంటు వాడారు. మనుమడు కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచేసరికి విషయసూచికలోని పేజీల అంకెలు ఒక్కటీ కుదరలేదు, రెండు పాదాలుగా కూర్చిన చోట మూడో వరుస వచ్చి పడింది. 'చూడండి, పైన గౌతమి అనే ఉంది, కింద అక్షరాలు మాత్రం గౌతమివి కావు, నాకు చత్వారమా, దీనికి చత్వారమా' అని ఆయన అడిగారు. చత్వారం ఆయనకు లేదు. ఫైలులో రాసి ఉన్న ఫాంటు ఆ యంత్రంలో లేనప్పుడు వర్డ్ పైపెట్టెలో పాత పేరునే చూపిస్తూ, కింద తన దగ్గరున్న మరో తెలుగు ఫాంటుతో అక్షరాలు వేస్తుంది. ఇక్కడ అలా వచ్చింది కొత్త విండోస్‌తో పాటే వచ్చే నిర్మల యూఐ అనే ఫాంటు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి మనకు తెలిసిన గౌతమీ, విండోస్ 7తో వచ్చిన వాణీ విండోస్ 10 నుంచి అందరికీ తప్పనిసరిగా రావు, 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనే అదనపు సదుపాయం కిందికి వెళ్లాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి, ఆ పేరు వెతికి, చేర్చమంటే ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దిగుతాయి. పండితుల వారి ముందే ఆ పని చేశాం. మూడో వరుస దానంతట అదే పైకి సర్దుకున్నప్పుడు ఆయన ముఖం చూడవలసింది.

ఇలాంటి మారువేషాన్ని పట్టుకునే చోటు కూడా వర్డ్‌లోనే ఉంది, ఎవరూ అటు వెళ్లరు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ అని వెళ్లి కిందికి జరిగితే 'ఫాంట్ సబ్‌స్టిట్యూషన్' అనే బటన్ కనిపిస్తుంది. తెరిచి ఉన్న ఫైలులో ఏయే ఫాంట్లు లేవో, వాటి బదులు దేన్ని వాడుతున్నదో అది చెబుతుంది. లిబ్రేఆఫీస్ ఇంకాస్త నిజాయితీపరురాలు, లేని ఫాంటు పేరును పెట్టెలో వాలు అక్షరాలతో చూపిస్తుంది.

ఇక అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరు. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో నన్ను ఎక్కువగా మాట్లాడించేది ఇదే. 'అను ఫాంటు ఇన్‌స్టాల్ చేశానండీ, జాబితాలో పేరు కూడా వచ్చింది, కానీ ఎంచుకుంటే అక్షరం మారడం లేదు' అంటారు. ఫాంటు బాగానే ఉంటుంది, వర్డ్ బాగానే ఉంటుంది, కానీ ఆ రెండింటి మధ్య ఒక తరం ఎడం ఉంటుంది. పాత అను వంటి ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ ఉండవలసిన స్థానాల్లో తెలుగు ముక్కలను, అంటే తలకట్టునూ గుడినీ వత్తులనూ విడివిడిగా కూర్చారు. ఫైలులో నిజంగా నిలవ ఉండేది ఇంగ్లిషు అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం కడుతుంది. (తెనాలి నాటకాల ఊరు కనుక నాకు ఆ పోలికే తోచింది.) ఫాంటు లేని కంప్యూటరులో తెరిచిన క్షణాన వేషం ఊడిపోయి, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఏవో పరాయి అక్షరాలు బయటపడతాయి.

ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ పద్ధతి దారి వేరు. 1991లో వెలువడిన తొలి వెర్షనులోనే తెలుగుకు 128 గడుల సొంత స్థలం కేటాయించారు. అందులో 'స్త్రీ' అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలుగా నిలవ ఉంటుంది: సకారం, పొల్లు, తకారం, మళ్లీ పొల్లు, రకారం, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి ఒక్క ముద్దగా తెరమీద నిలబెట్టే పని కొంత విండోస్‌దీ, కొంత ఫాంటు లోపలి పట్టికలదీ. ఇప్పుడు ఫోన్లలోనూ, విండోస్ తెలుగు కీబోర్డుతోనూ మనం టైపు చేసేదంతా యూనికోడే. అలా టైపు చేసిన వాక్యానికి పాత అను ఫాంటు తగిలిస్తే, ఆ 128 గడులకు చెందిన అక్షరాలు దానిలో ఒక్కటీ లేవు కనుక వర్డ్ మన ఎంపికను మర్యాదగా పక్కనపెట్టి నిర్మలనో గౌతమినో వాడుకుంటుంది. ఇదే తిరగబడిన సందర్భంలో, అంటే పాత అను పాఠానికి రామభద్ర వంటి యూనికోడ్ ఫాంటును ఎంచుకుంటే, ఆ ఇంగ్లిషు గందరగోళమే లావుపాటి అక్షరాల్లో దర్శనమిస్తుంది. అక్కడ ఫాంటు మార్చి లాభం లేదు, పాఠాన్నే కన్వర్టరుతో మార్చాలి. మార్చాక వత్తుల దగ్గర ఒకసారి పెన్సిలు పట్టుకొని చదవాలి, అంతకన్నా దగ్గరి దారి నాకు ఇంతవరకు కనబడలేదు.

అను ఫాంట్ల మీద నాకు కోపమేమీ లేదు, మా ఇంట్లో పొయ్యి వెలిగింది వాటి వల్లనే. మా వృత్తి వారు వాటిని వదలకపోవడానికి బలమైన కారణం ఉంది. మేమంతా పని నేర్చుకున్న, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 వెర్షనుతో ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలియదు. దాని తర్వాత మేం ఎక్కవలసిన ఇన్‌డిజైన్‌లోకి భారతీయ లిపుల కూర్పు 2012లో సీఎస్6తో గాని రాలేదు. అప్పటికే అను ఫాంట్లతో వాడే 'ఆపిల్' అనే కీబోర్డు అమరిక మా వేళ్లలో పాతుకుపోయింది. కానీ అచ్చుకు వెళ్లే పేజీ సంగతి వేరు, నలుగురి చేతులు మారే ఫైలు సంగతి వేరు. రెండోదానిలో వేషం కట్టిన అక్షరాలు ఇప్పుడు ఎవరికీ మేలు చేయవు.

యూనికోడ్ ఫాంటు, యూనికోడ్ పాఠం రెండూ ఉన్నా వర్డ్ మొరాయించే సందర్భం ఇంకొకటి ఉంది. వర్డ్ ఒకే వాక్యానికి ఇంగ్లిషు కోసం ఒక ఫాంటునూ, తెలుగు వంటి లిపుల కోసం మరో ఫాంటునూ విడిగా గుర్తు పెట్టుకుంటుంది. సైజునూ బోల్డునూ కూడా అలాగే విడివిడిగా ఉంచుతుంది. పైన పట్టీలో సూరన్న అనే యూనికోడ్ ఫాంటు ఎంచుకున్నా అక్షరం చలించకపోతే కంట్రోల్, డి కలిపి నొక్కి, వచ్చిన విండోలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అనే భాగంలో ఆ పేరు పెట్టి చూడాలి. ఆ భాగమే కనిపించకపోతే ఆఫీస్ భాషల అమరికలో తెలుగును చేర్చాలి. లిబ్రేఆఫీస్‌లో కూడా ఆప్షన్స్‌లోని భాషల పేజీలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' దగ్గర టిక్కు పెట్టిన తర్వాతే తెలుగు ఫాంటుకు వేరే గడి కనబడుతుంది. మనది సంక్లిష్ట లిపి అని వాళ్లు పెట్టిన పేరు చూసి నొచ్చుకునే వారున్నారు. వత్తులు కింద రాసుకునే మనకు అది సహజంగానే ఉన్నా, యంత్రానికి అది క్లిష్టమే.

ఇంతవరకు చెప్పినది వ్యక్తులు తమంతట తాము సరిదిద్దుకోగల సంగతి. నా అసలు మనవి సంస్థలకు.

ఈ ఏడాది మా ప్రాంతంలోని ఒక కార్యాలయం నుంచి స్వయం సహాయక సంఘాల మహిళలకు ఒక దరఖాస్తు నమూనా వాట్సాప్‌లో వచ్చింది. అది పాత ఫాంటులో తయారుచేసిన వర్డ్ ఫైలు. ఫోనులో తెరిచిన వారికి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా పరాయి అక్షరాలే కనిపించాయి. ఫోనులోని వర్డ్‌కు గానీ, బ్రౌజరులో తెరిచే వర్డ్‌కు గానీ ఆ కార్యాలయం కంప్యూటరులో ఉన్న ఫాంటు ఎలా తెలుస్తుంది? నలుగురైదుగురు మహిళలు ఆటో కట్టుకొని నా దగ్గరకు వచ్చి, ఆ పేజీని మళ్లీ టైపు చేయించుకుని, చదువుకొని, నింపుకొని వెళ్లారు. 'ఇందులో ఏముందో కాస్త చెప్పండి బాబూ' అని వారిలో పెద్దామె ఫోను నా ముందు పెట్టినప్పుడు, ముప్పై గుర్తుల మధ్య నేను ఊహించి చదవగలిగింది 'పేరు' అన్న ఒక్క మాట. ఆ ఖర్చు, ఆ పూట కూలి ఏ ఫాంటు లెక్కలోనూ రావు.

దీనికి పెద్ద పథకాలు అక్కర్లేదు. నమూనాను యూనికోడ్‌లో టైపు చేసి, నింపవలసినదైతే పీడీఎఫ్‌గా కూడా జత చేస్తే చాలు, పీడీఎఫ్ తయారయ్యేటప్పుడు మామూలుగా ఫాంటు కూడా దానిలోనే ఇమిడి వెళుతుంది. వర్డ్ ఫైలే పంపవలసి వస్తే ఫైల్, ఆప్షన్స్, సేవ్ అని వెళ్లి 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' దగ్గర టిక్కు పెట్టాలి. అవతలి వారు కూడా మార్పులు చేయవలసి ఉంటే దాని కిందనే ఉన్న 'వాడిన అక్షరాలు మాత్రమే' అన్న గడిని ఖాళీగా వదలాలి, లేకపోతే మన ఫైలులో లేని అక్షరం వారు టైపు చేసినప్పుడు అది మరో ఫాంటులోకి జారుతుంది. అయితే ప్రతి ఫాంటూ ఇలా ఇమడదు. తనను ఫైలులో జత చేయనివ్వాలా, చూడటానికి మాత్రమే అనుమతించాలా, దిద్దుబాటుకు కూడా ఒప్పుకోవాలా అన్న షరతును తయారీదారులు ఫాంటులోనే రాసిపెడతారు, వద్దని రాసి ఉంటే వర్డ్ జత చేయదు.

ఈ షరతుల బాధ లేని తెలుగు ఫాంట్లు మనకు కొదవ లేవు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన 2000, వేమన 2000 ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, సూరన్న, పెద్దన, తిమ్మన, గురజాడ, రామభద్ర వంటివి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి లైసెన్సు ఎవరైనా వాడుకోవడానికీ, ఫైలులో జత చేసుకోవడానికీ ఒప్పుకుంటుంది. శుభలేఖకు రామభద్ర ఎంతో నిండుగా ఉంటుంది, దరఖాస్తుకు మండలి చాలు. కార్యాలయాలు తమ ఆదేశాల కింద 'ఇది ఫలానా ఫాంటులో ఉంది' అని ఒక్క వరుస చేర్చినా, అది లేని వారు ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు.

మీ పత్రికకు కూడా ఒక చిన్న మనవి. రచనలు ఎలా పంపాలో చెప్పే ప్రకటనలో ఇప్పటికీ పాత ఫాంటు పేరొకటి కనిపిస్తోంది. ఇంట్లో ఫోనులో టైపు చేసుకునే పాఠకుడు ఆ పేరు చూసి, అది లేకపోతే తన ఉత్తరం చెల్లదేమోనని నా వంటి వాడి దగ్గరకు వచ్చి మార్పించుకుంటున్నాడు. మార్చే పనికి నాకు డబ్బు వస్తుంది, అయినా చెబుతున్నాను: ఆ వరుస తీసేసి 'యూనికోడ్‌లో పంపవచ్చు' అని వేయండి.

ఈ ఉత్తరాన్ని వర్డ్ ఫైలుగానూ పీడీఎఫ్‌గానూ పంపుతున్నాను, వర్డ్ ఫైలులో సూరన్న ఫాంటు జతచేసి ఉంది. మీ ఉపసంపాదకులు దీన్ని మీ సొంత ఫాంటులోకి మార్చుకునేటప్పుడు, పైన ఉదాహరణగా ఇచ్చిన 'స్త్రీ' విరగకుండా వచ్చిందో లేదో ఒక్కసారి చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
తెనాలి